శరీరము – శస్త్రవైద్యుని వల

కాలిలో ముల్లు విరిగి ముక్క లోపలనే ఉండిపోయినచో ఒకటి రెండు దినములలో ఆ చోటు వాచి ఎర్రబడుట అందరికిని అనుభవమే. తనది కాని వస్తువును శరీరము ఊరక ఉండనీయదు. మరి హెర్నియా రోగులకు వైద్యులు అమర్చు ప్లాస్టిక్ వల పొట్టలో ఏండ్ల తరబడి ఎట్లు ఉండగలుగుచున్నది? శరీరము దానిని తనదిగా అంగీకరించినదా? లేదు. ఈ సంగతి బోధపడుటకు నూరేండ్లకు పైగా పట్టినది.

1882లో సిసిలీ ద్వీపమందలి మెస్సీనా నగరములో రష్యన్ శాస్త్రజ్ఞుడు మెచ్నికాఫ్, గాజువలె పారదర్శకమైన నక్షత్రచేపల డింభకములలో గులాబి ముళ్ళు గ్రుచ్చి చూచెను. మరునాటి ఉదయమునకు సంచార కణములు ఆ ముళ్ళ చుట్టును గుమిగూడియుండెను. భక్షక కణములను గూర్చిన ఈ పరిశోధనలకే 1908లో ఎర్లిక్‌తోపాటు ఆయనకు నోబెల్ బహుమానము లభించినది.

ఉదరపు గోడలో బలము తగ్గిన చోట ప్రేగు వెలుపలికి పొడుచుకొని వచ్చుటనే హెర్నియా అందురు. దానిని దారముతో కుట్టినను, కుట్లపై ఒత్తిడి పడి వ్యాధి మరల వచ్చుచుండెను. కావున గోడకు అతుకు వేయవలెనని వైద్యులు తలచిరి. 1900లో జర్మనీలో విట్సెల్, గోపెల్ అనువారు వెండి తీగల వలను వాడిరి. 1948లో అమెరికాలో కూంట్జ్ టాంటలమ్ లోహపు వలను ప్రయోగించెను. లోహపు వలలు బిరుసైనవి. కాలక్రమమున లోపలనే విరిగిపోవుచుండెను. 1958లో హ్యూస్టన్ నగరములో అషర్ అను శస్త్రవైద్యుడు పాలీఎథిలీన్ వలను, తరువాత కొలది ఏండ్లకు పాలీప్రోపిలీన్ వలను ప్రవేశపెట్టెను. ఇవి మెత్తనివి, రసాయనికముగ జడములు. కావున శరీరము వీటిని పట్టించుకొనదని పలువురు ఆశించిరి.

జరుగునది వేరు. వల లోపలికి చేరిన క్షణములలోనే ఆల్బుమిన్, ఫైబ్రినోజన్ వంటి ప్రోటీనులు దాని పోగులకు అంటుకొనును. రక్షణ కణములు మొదట ఎదుర్కొనునది ఈ ప్రోటీను పూతనే. ముందుగా న్యూట్రోఫిల్ అను తెల్లకణములు వచ్చును. కొలది దినములలో స్థూలభక్షక కణములు వాటి స్థానమును ఆక్రమించును. ఇవి సూక్ష్మక్రిములను మ్రింగగలవు గాని, తమకంటె ఎన్నో రెట్లు పెద్దదైన పోగును మ్రింగలేవు. అప్పుడు అనేక కణములు ఒకటిగ కలిసి, పెక్కు కేంద్రకములు గల మహాకణములై పోగుపై పరచుకొనును. వీటి సంకేతముల వలన తంతుకణములు చేరి కొల్లాజెన్‌ను అల్లును. పోగుల నడుమ పెరిగిన ఈ మచ్చ కణజాలమే గోడకు బలము. అనగా ఏ ప్రతిఘటనకు వైద్యులు వెరచిరో, రోగికి మేలు చేయుటలో దానికిని పాలు గలదు!

అయితే ఆ ప్రతిఘటనకు మితము ఉండవలెను. 1990వ దశకములో జర్మనీలోని ఆకెన్ నగర పరిశోధకులు, రోగుల నుండి తొలగించిన వలలను సూక్ష్మదర్శినిలో పరీక్షించిరి. ఏండ్లు గడచినను పోగుల చుట్టును వాపు కణములు ఉండెను. రంధ్రములు చిన్నవైనచో ఒక పోగు చుట్టు ఏర్పడిన మచ్చ ప్రక్క పోగు మచ్చతో కలిసిపోయి, వల యావత్తు గట్టి రేకువలె ముడుచుకొనును. నొప్పికి అదియొక కారణము. రంధ్రములు 10 మైక్రానులకంటె చిన్నవైనచో మరియొక ప్రమాదము: సుమారు ఒక మైక్రాను గల బాక్టీరియా అందు దూరగలదు, దానిని తరుము భక్షక కణము దూరలేదు. అందుచే తక్కువ బరువు, పెద్ద రంధ్రములు గల వలలు వచ్చినవి. మరీ పలుచనైనచో అవియును చినిగిపోవచ్చును.

శరీరము వస్తువు వెలను చూడదు. పదార్థమును, అల్లికను చూచును. మహారాష్ట్రలోని దొండాయిచాలో డాక్టరు తొంగావ్‌కర్, ఆయన సహచరులు దోమతెర వస్త్రమును సూక్ష్మక్రిమి రహితము చేసి హెర్నియాకు వాడి, ఆ ఫలితములను 2003లో ప్రకటించిరి. ఉగాండాలో సుమారు 300 మంది పురుషులపై జరిపి, 2016లో ప్రకటించిన పరీక్షలోను, ఒక ఏడాదిలో దోమతెరకును ఖరీదైన వలకును చెప్పుకోదగిన భేదము కనబడలేదు.

కాని ఒకచోట మేలైనది మరియొకచోట మేలు కాకపోవచ్చును. స్త్రీలలో కటి అవయవములు జారినపుడు యోనిమార్గమున అమర్చిన వలలు కొందరిలో కణజాలమును ఒరసి బయటపడినవి. తీరని నొప్పి కలిగించినవి. 2019 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థ ఆ చికిత్సకై అట్టి వలల అమ్మకమును ఆపించినది. హెర్నియాకు మాత్రము వలలు నేటికిని విరివిగా వాడబడుచున్నవి.

జీవశాస్త్ర విద్యార్థులు దీని నుండి గ్రహింపవలసినది ఒకటి గలదు. ఒక పదార్థము శరీరమునకు సరిపడునా అని మాత్రమే అడిగిన చాలదు. ఏ చోట, ఏ రూపములో, ఎంతకాలము అని కూడ అడుగవలెను.