లారీ డ్రైవర్లు బూట్లు కొనేటప్పుడు ముందు చూడాల్సింది సోల్‌నే!

లారీ క్యాబిన్‌లో హవాయి చెప్పులు మామూలే. చెప్పులతో నడిపితే చలానా వేసే రూల్ లేదని 2019లో కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ కార్యాలయం కూడా క్లారిటీ ఇచ్చింది. కానీ భయపడాల్సింది చలానాకు కాదు. జారిన చెప్పు బ్రేక్ పెడల్ కింద ఇరుక్కుంటే లోడు బండి ఆగదు.

అలాగని దొరికిన సేఫ్టీ షూ వేసుకున్నా తంటానే. సోల్ మరీ మందంగా ఉంటే పెడల్ ఎంత నొక్కారో కాలికి తెలీదు. అడుగు వెడల్పైతే బ్రేక్ తొక్కబోయి యాక్సిలరేటర్ కూడా తొక్కేస్తారు. పిక్క దాకా వచ్చే గట్టి బూటు క్లచ్ దగ్గర చీలమండను ఆడనివ్వదు. చీలమండ వరకు ఉండి, ముందు భాగం తేలిగ్గా వంగేది చాలు.

సరుకు దించడం, టైరు మార్చడం కూడా చేసేవాళ్లకు టో క్యాప్ తప్పనిసరి. స్టీల్ బరువు, కాంపోజిట్ తేలిక. ఐఎస్‌ఐ మార్కుతో పాటు ఐఎస్ 15298 పార్ట్ 2 అని ఉందో లేదో చూడాలి. ఆ క్యాప్ 200 జౌళ్ల దెబ్బ తట్టుకోవాలి. అంటే 20 కిలోల బరువు మీటరు ఎత్తు నుంచి పడ్డంత!

డీజిల్, ఆయిల్ మీద జారని సోల్ ముఖ్యం. పీయూ సోల్ మెత్తగా, తేలిగ్గా ఉంటుంది. అయితే ఏళ్ల తరబడి వాడకుండా ఉంచితే తేమకు పొడిపొడిగా రాలిపోతుంది. అందుకే డిస్కౌంట్‌లో పాత స్టాక్ ఇస్తుంటే తయారీ తేదీ చూడాల్సిందే. నైట్రైల్ రబ్బరు సోల్ కాస్త బరువైనా వేడికి ఆగుతుంది.

గంటల తరబడి కూర్చుంటే పాదాలు ఉబ్బుతాయి. కాబట్టి సాయంత్రం పూట, సాక్స్‌తోనే వేసి చూడాలి. కొన్నాక ఆపి ఉన్న బండిలో మూడు పెడల్స్ నాలుగైదు సార్లు తొక్కి చూశాకే రోడ్డెక్కాలి.