ఉత్తరాలతో నడిచిన నక్షత్ర నౌక

కిందటి నెల మెట్లు దిగుతూ కాలు బెణికించుకున్నాను. రెండు వారాలు మంచం దిగొద్దన్నారు డాక్టరుగారు. "ఊరికే పడుకోలేవు కదమ్మా, ఇది చూడు" అని మా అమ్మాయి 'స్టార్ ట్రెక్' పెట్టిచ్చి కాలేజీకి వెళ్ళిపోయింది. అమెరికాలో 1966 సెప్టెంబరు 8న ఎన్.బి.సి. టెలివిజన్లో మొదలైన సీరియల్ అది. మొత్తం 79 భాగాలు. రోజుకి ఐదూ ఆరూ చొప్పున అన్నీ చూసేశాను. మూడోనాడు మా వారు కాఫీ తనే కలిపి తెచ్చి, "కెప్టెన్ గారూ, భూమ్మీదికి దిగేదెప్పుడు?" అన్నారు.

దిగబుద్ధి అయితేగా! అది ఒక్క కథానాయకుడి కథ కాదు. ఎంటర్‌ప్రైజ్ అనే నౌకలో ఒక ఉమ్మడి కుటుంబం. దూకుడు మనిషి కెప్టెన్ కిర్క్. మొనదేలిన చెవులతో, ప్రతిదానికీ లెక్క చెప్పే స్పాక్. అతనితో పొద్దస్తమానం కీచులాడే డాక్టర్ మెకాయ్. యంత్రాల దగ్గర స్కాట్లండ్ మనిషి, చుక్కాని దగ్గర జపాన్ మూలాలున్న సులూ, రెండో ఏడు నుంచి రష్యన్ కుర్రాడు చెకోవ్. అమెరికా, రష్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమనే రోజుల్లో ఈ ఏర్పాటు!

మా అత్తగారికి ఇంగ్లీషు రాదు. అయినా ఓ మధ్యాహ్నం నా పక్కన చేరారు. స్పాక్ తల్లిదండ్రులు నౌకెక్కే భాగం నడుస్తోంది. తండ్రీ కొడుకుల మధ్య 18 ఏళ్ళుగా మాటల్లేవు. తండ్రికి ప్రాణం మీదికి వస్తే, రక్తం ఇవ్వాల్సిన కొడుకు "నా డ్యూటీ వదలను" అంటాడు. తల్లి వాడి చెంప ఛెళ్ళుమనిపించింది. "బాగా అయింది. ఇద్దరి మధ్యా నలిగేది తల్లే కదమ్మా" అన్నారు అత్తగారు. ఏ గ్రహమైతేనేం, సంసారం సంసారమే!

ఇది రాసిందెవరా అని చూస్తే డి.సి. ఫోంటానా అని ఉంది. మగవారనుకున్నాను. కాదట, డొరొతీ ఫోంటానా. సీరియల్ సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీ దగ్గర సెక్రటరీగా ఉండి, కథలు చూసే ఎడిటరయ్యారు. ఆడపేరు చూడగానే రచనను పక్కన పెట్టేస్తారని పొడి అక్షరాలు పెట్టుకున్నారట. మన తెలుగులో కథ అడ్డం తిరిగింది. 1960, 70లలో రచయిత్రుల నవలలకి గిరాకీ పెరిగి, మగవారే ఆడపేర్లతో రాశారు! అది తలుచుకుని కాస్త గర్వపడ్డాను.

ఇక సీరియల్ తీయించిన స్టూడియో ఎవరిదనుకున్నారు? హాస్యనటి లూసిల్ బాల్‌ది. విడాకులయ్యాక 1962లో మాజీ భర్త వాటా కొనేసి డెసిలూ సంస్థను తనే నడిపారు. నమూనాగా తీసిన మొదటి భాగాన్ని ఎన్.బి.సి. తిప్పికొట్టింది. అందులో నౌకలో రెండో అధికారి స్త్రీ. మళ్ళీ తీసిన నమూనాలో ఆ పాత్రే లేదు.

ఉహురా పాత్ర చూసి నాకు ఒళ్ళు మండేది. నల్లజాతి స్త్రీని అధికారిగా కూర్చోబెట్టారు, సంతోషం. కానీ వచ్చిన కబురు వినిపించడం తప్ప చాలా భాగాల్లో ఆమెకి పనేదీ? ఆ వేషం వేసిన నిషెల్ నికల్స్‌కీ విసుగొచ్చింది. మొదటి ఏడాది కాగానే మానేద్దామనుకున్నారు. అప్పుడు మార్టిన్ లూథర్ కింగ్ కనిపించి, మీరు అక్కడ ఉండడమే ముఖ్యం, మానొద్దన్నారని ఆవిడే తర్వాత చెప్పుకున్నారు. మానలేదు. 1977 నుంచి నాసా తరఫున ఊరూరా తిరిగి స్త్రీలనూ నల్లజాతివారినీ వ్యోమగాములుగా రమ్మని పిలిచారు. 1992లో అంతరిక్షంలోకి వెళ్ళిన మొదటి నల్లజాతి స్త్రీ మే జెమిసన్, చిన్నప్పుడు ఉహురాను చూసే తనకా ధైర్యం కలిగిందన్నారు. ఊరికే కూర్చున్నదనుకున్న మనిషి ఎంత పని చేసింది!

రెండో ఏడాది చివర సీరియల్ ఆపేస్తారన్న మాట పొక్కింది. బీజో ట్రింబుల్ అనే అభిమాని భర్తతో కలిసి ఊరూరా వాళ్ళకి జాబులు రాసి, వాళ్ళచేత ఎన్.బి.సి.కి రాయించారు. లక్షకు పైగా ఉత్తరాలు వచ్చిపడ్డాయి. 1968 మార్చి 1న, సీరియల్ కొనసాగుతుందని టీవీలోనే ప్రకటించాల్సి వచ్చింది. పాఠకురాలి ఉత్తరం విలువ నవలలు రాసే నాకు తెలుసు. ఒక్క కార్డుముక్క కోసం ఆపేసిన సీరియల్ మళ్ళీ మొదలెట్టినదాన్ని.

అయితే మూడో ఏడు శుక్రవారం రాత్రి పది గంటలకి తోసేశారు. కథలూ పలచబడ్డాయి. 1969 జూన్ 3న వచ్చిన చివరి భాగం చూసి దిండు విసిరికొట్టాను. కెప్టెన్ కాలేకపోయానన్న అక్కసుతో ఒక స్త్రీ కిర్క్ శరీరంలోకి దూరుతుంది. ఆమెని పిచ్చిదాన్ని చేసి కథ ముగించారు! ఇందరు ఆడవాళ్ళు భుజాన మోసిన నౌక, ఆఖరికి వాళ్ళకిచ్చిన వీడ్కోలు ఇదా?

సాయంత్రం మా అమ్మాయి నవ్వింది. "కోప్పడకమ్మా. 1995లో మొదలైన ఇంకో స్టార్ ట్రెక్‌లో కెప్టెన్ ఆవిడే. జేన్‌వే అని."

"ఎన్ని భాగాలే?"

"172."

గుమ్మంలో నిలబడ్డ మా వారు నా రెండో కాలివైపు భయంగా చూశారు.