విజయవాడలో బార్ లైసెన్సు: చరిత్ర

బార్ లైసెన్సు అంటే మద్యాన్ని అక్కడికక్కడే కూర్చోబెట్టి, తిండితోపాటు తాగించేందుకు ప్రభుత్వం ఇచ్చే అనుమతి. ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ నిబంధనల్లో దీని పేరు ఫారం 2-బి. సీసా కొనుక్కుని పోయే దుకాణానిది ఏ-4. జనం నోట అది 'వైన్ షాపు'. ఈ అనుమతిని ఎవరికి, ఏ పద్ధతిలో, ఎన్నేళ్లకు ఇవ్వాలన్నది ప్రభుత్వం మారినప్పుడల్లా మారుతూ వచ్చింది. అందుకే విజయవాడలో బార్ పెట్టినవాళ్ల కష్టసుఖాలు వ్యాపారం మీద కంటే సచివాలయం నుంచి వచ్చే జీవోల మీదే ఎక్కువ ఆధారపడ్డాయి.

అబ్కారీ కాలం

కృష్ణా డెల్టాలో మద్యమంటే చాలాకాలం కల్లు, సారాయే. బెజవాడ (నేటి విజయవాడ) ఆనకట్ట 1855లో పూర్తయింది. కాలువల కింద మాగాణి పెరిగింది, కూలినాలి చేసేవాళ్ల చేతుల్లో కాస్త డబ్బు ఆడింది. గట్ల మీద తాటిచెట్లకు కొదవలేదు. 1886 నాటి మద్రాసు అబ్కారీ చట్టం ఈ వ్యవహారాన్నంతా ఒక పద్దు కిందికి తెచ్చింది. గీసే చెట్టుకు పన్ను, అమ్మే దుకాణానికి వేలంపాట. ఎక్కువకు పాడినవాడే పాటదారు, ఆ గడువుకు ఆ ఊరి దుకాణం అతనిది. నేటి లైసెన్సుకు మూలం ఈ పాటే.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ బెజవాడలో సమావేశమైంది. సహాయ నిరాకరణ ఉద్యమం సాగిన ఆ రోజుల్లో కల్లు దుకాణాల ముందు పికెటింగులు, వేలంపాటల బహిష్కరణ ఈ జిల్లాలకు కొత్త కాదు. సర్కారు ఖజానాకు తగిలే దెబ్బ ఎక్కడుందో కార్యకర్తలకు బాగా తెలుసు.

నిషేధంలో కూలిన ప్రభుత్వం

మద్రాసు ప్రభుత్వాధినేతగా రాజాజీ 1937 అక్టోబరు 1న సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలుపెట్టారు. యుద్ధకాలంలో అది ఆగిపోయినా, 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా అమల్లోకి వచ్చింది. అప్పట్లో అందులో భాగమైన కృష్ణా జిల్లాలోనూ దుకాణాలు మూతపడ్డాయి. తాగాలంటే పర్మిట్ చేతిలో ఉండాలి. అందరికంటే ఎక్కువగా నష్టపోయింది గీత కార్మికులు; చెట్టెక్కడం తప్ప మరో పని తెలియని కుటుంబాలవి.

1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి ఈ తగువు వారసత్వంగా వచ్చింది. నిషేధాన్ని పరిశీలించిన రామమూర్తి కమిటీ దాన్ని ఎత్తివేయమని సూచించింది. ప్రకాశం పంతులు ప్రభుత్వం ఆ సూచనను అమలు చేయలేదు. గీత కార్మికుల పక్షాన గౌతు లచ్చన్న ఉద్యమించారు. 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం వచ్చి, ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. తెలుగువాళ్ల మొదటి రాష్ట్రంలో మొదటి మంత్రివర్గాన్ని కూల్చింది కల్లు సమస్య. ఎక్సైజ్ శాఖను చిన్న శాఖగా చూసేవాళ్లు ఈ సంగతి మరచిపోకూడదు.

కోస్తాలో నిషేధం మరో పదిహేనేళ్ల దాకా చట్టంలో కొనసాగింది. 1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం కోస్తాకు, తెలంగాణకు ఒకే విధానం తెచ్చింది. విదేశీ మద్యం, దేశంలో తయారయ్యే మద్యం అమ్మకాలకు 1970లో నిబంధనలు వచ్చాయి. ఈనాటి అర్థంలో బార్ లైసెన్సు విజయవాడకు వచ్చింది ఆ తర్వాతే.

సారా, దూబగుంట, రెండో నిషేధం

1980ల్లో ఎన్టీ రామారావు ప్రభుత్వం 'వారుణి వాహిని' పేరుతో సారాను ప్యాకెట్లలో పల్లెలకు పంపింది. 1986లో బెవరేజెస్ కార్పొరేషన్ ఏర్పడి మద్యం టోకు వ్యాపారం ప్రభుత్వం చేతికి వచ్చింది. బార్ యజమాని తనకు కావలసిన సరుకును నేటికీ ఈ సంస్థ డిపోలోనే కొనాలి; మరో చోట కొంటే అది నేరం.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారాపై తిరగబడ్డారు. అక్షరాస్యత తరగతుల్లో పుట్టిన ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధాన్ని సాధించింది. సంపూర్ణ నిషేధం హామీతో 1994 డిసెంబరులో గెలిచిన ఎన్టీఆర్ దాన్ని 1995 జనవరిలో అమలు చేశారు. ప్యాకెట్ సారా పారించిన నాయకుడే బార్లకు తాళం వేయించాడు. మద్యం తయారీ కంపెనీలు ఈ చట్టంపై సుప్రీంకోర్టుకు వెళ్లాయి. మెక్‌డోవెల్ కేసులో 1996లో వచ్చిన తీర్పు నిషేధించే అధికారం రాష్ట్రానికి ఉందని చెప్పింది. మద్యం వ్యాపారం ఎవరికీ ప్రాథమిక హక్కు కాదని కోర్టు అంతకుముందే తేల్చింది. ఆ తీర్పులు వచ్చాక బార్ లైసెన్సుదారు ప్రభుత్వం దగ్గర గడువుకు అద్దెకున్నవాడే తప్ప హక్కుదారు కాడు. 1997లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం నిషేధాన్ని సడలించడంతో బార్లు మళ్లీ తెరుచుకున్నాయి. ఎన్టీఆర్ చట్టం మాత్రం ఇప్పటికీ రద్దు కాలేదు. శాఖ పేరులోనూ 'మద్యనిషేధ' అన్న మాట అలాగే ఉంది.

వంద మీటర్ల లెక్క

బార్ నియమాలు 2005లోనూ, మళ్లీ 2017లోనూ వచ్చాయి. వాటిలో విజయవాడ లాంటి ఇరుకు నగరంలో ఎక్కువ తలనొప్పి తెచ్చేది దూరం నిబంధన. గుడి, మసీదు, చర్చి, బడి, కాలేజీ, ఆసుపత్రి దేనికైనా 100 మీటర్ల లోపు బార్ ఉండకూడదు. కొలత గాలిలో తీసేది కాదు. బార్ గుమ్మం మధ్య నుంచి మొదలుపెట్టి, మనిషి మామూలుగా నడిచి వెళ్లే దగ్గరి దారి వెంట, అవతలి గేటు మధ్య దాకా కొలుస్తారు. దాంతో గేటు ఏ వీధివైపు తెరుచుకుంటుందన్నది లక్షల విలువ చేసే ప్రశ్న అవుతుంది. గల్లీకో కాన్వెంటు, సందుకో నర్సింగ్ హోమ్ ఉన్న ఊళ్లో పనికొచ్చే మేడ దొరకడమే కష్టం. దొరికితే దాని అద్దె మామూలు లెక్కకు అందదు.

దీనిపైన హైవేల గొడవ వచ్చి పడింది. జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం అమ్మకూడదని సుప్రీంకోర్టు 2016 డిసెంబరు 15న ఆదేశించింది. విజయవాడ నడిబొడ్డున 16వ నంబరు, 65వ నంబరు జాతీయ రహదారులు బెంజి సర్కిల్ దగ్గర కలుస్తాయి. నగరపాలక సంస్థల పరిధిలోని లైసెన్సు దుకాణాలకు ఈ ఆదేశం అడ్డు కాదని 2017 జులైలో కోర్టు వివరణ ఇచ్చేదాకా లైసెన్సుదారులు ఊపిరి బిగబట్టుకున్నారు.

దూరం కొలిచినంత శ్రద్ధగా సీసాలోని సరుకును పరీక్షించాలని గుర్తుచేసిన ఘటన కూడా ఈ ఊళ్లోదే. 2015 డిసెంబరు 7న కృష్ణలంకలోని ఒక బార్‌లో మద్యం తాగి ఐదుగురు చనిపోయారు, ఇంకొందరు ఆసుపత్రి పాలయ్యారు. ప్రభుత్వం ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని నియమించింది.

పాట నుంచి లాటరీకి

2019లో ప్రభుత్వం మారింది. అక్టోబరు 1 నుంచి చిల్లర దుకాణాలను ప్రభుత్వమే నడిపింది. బార్లను 40 శాతం తగ్గిస్తామని నవంబరులో ప్రకటించింది. 2022 దాకా గడువున్న లైసెన్సులు మధ్యలోనే రద్దవడంతో యజమానులు హైకోర్టుకెక్కి స్టే తెచ్చుకున్నారు. గడువు ముగిశాక 840 బార్లకు ఈ-వేలం నిర్వహించారు. ఆ లైసెన్సులు 2022 సెప్టెంబరు 1 నుంచి మూడేళ్లు నడిచాయి.

2024లో మళ్లీ ప్రభుత్వం మారింది. 3,396 ప్రైవేటు దుకాణాలకు లాటరీ పెడితే 89,882 దరఖాస్తులు వచ్చాయి. 2025లో అదే లాటరీని 840 బార్లకూ వర్తింపజేశారు. ఐదు లక్షలకు పైబడిన జనాభా ఉన్న నగరాల్లో ఏడాది ఫీజును 75 లక్షల రూపాయలుగా నిర్ణయించారు. విజయవాడ ఈ తరగతిలోకే వస్తుంది. లక్షన్నర దాటిన బందరుకు 55 లక్షలు, 50 వేల లోపున్న పెడనకు 35 లక్షలు. దరఖాస్తు రుసుము ఐదు లక్షలు, లాటరీలో పేరు రాకపోతే తిరిగి రాదు. ఒక బార్‌కు కనీసం నాలుగు దరఖాస్తులు పడితేనే డ్రా తీస్తారు. అంటే ఒక్క బార్ మీద డ్రా కాకముందే ఖజానాకు కనీసం 20 లక్షలు చేరతాయి.

దుకాణాలకు ఎగబడినవాళ్లు బార్ల దగ్గర వెనకడుగు వేశారు. దరఖాస్తుల గడువు పొడిగించాల్సి వచ్చింది. కారణం వెతకనక్కర్లేదు: అదే ఏడాది ఆగస్టులో వైన్ షాపుల పక్కన పర్మిట్ రూములకు ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. చవగ్గా తాగే చోటు పక్కనే ఉండగా ఏసీ, వంటగది, వెయిటర్ల ఖర్చు భరించే బార్‌లోకి ఎవరొస్తారు? ఒక చేత్తో లైసెన్సు అమ్మి, రెండో చేత్తో దాని గిరాకీని తగ్గించుకోవడం ఈ విధానంలోని లోపం.

గీత కులాలకు 10 శాతం, అంటే 84 బార్లు, సగం ఫీజుకు కేటాయించడం మాత్రం ఈ విధానంలో కొత్త మలుపు. గౌడ, శెట్టిబలిజ, ఈడిగ, యాత, శ్రీశయన కులాలవారు దీనికి అర్హులు. ప్రస్తుత లైసెన్సుల గడువు 2028 ఆగస్టు 31తో ముగుస్తుంది.