నడుం తొక్కే కాళ్లు

ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు నడుం తొక్కితే పట్టు వదులుతుందన్న మాట మన ఊళ్లల్లో వినని మనిషి ఉండడు. ఇది అచ్చంగా మన నేలలో పుట్టిన నమ్మకమనే అనుకుంటాం. కానీ 1881లో వాల్టర్ గ్రెగర్ అనే చర్చి గురువు ఈశాన్య స్కాట్లాండు పల్లెల ఆచారాలను పోగుచేసి పుస్తకం వేశాడు. అందులో మన మాటే ఉంది! కాళ్లు ముందు వచ్చి పుట్టినవాళ్లకు బెణుకులు, నడుంనొప్పులు, కీళ్లవాతం పోగొట్టే శక్తి ఉంటుందట. రుద్దినా పోతుందట, తొక్కినా పోతుందట. మహిమంతా పాదాల్లోనేనట. ఆ చలిదేశపు పల్లెలకూ మనకూ ఈ చుట్టరికం ఎప్పటిదో తెలుసుకోవాలని అది చదివినప్పటినుంచీ మనసు ఒకటే లాగుతోంది.

మన హైదరాబాదు పాతబస్తీలో, గోల్కొండ సుల్తాను తానాషా మంత్రి మాదన్న పేరు మోస్తున్న మాదన్నపేటలో కూరగాయల మండి ఉంది. మూటలెత్తే మనిషికి నడుం పట్టేస్తే ముందు గుర్తొచ్చేది డాక్టరు కాదు. "నువ్వు ఎదురుకాళ్లతోటి పుట్టినవ్ గద బిడ్డా, జర నా నడుం తొక్కు" అంటాడు. గోనెపట్టా పరుచుకుని బోర్లా పడుకుంటాడు. తొక్కేవాడు గోడ పట్టుకుని నిలబడతాడు, సగం బరువు చేతులమీదే ఆపుకుంటాడు. మడమ వెన్నెముక మీద పడకూడదు, దానికి అటూ ఇటూ ఉన్న కండ మీదే పడాలి. కిందివాడు ఊపిరి వదిలినప్పుడే బరువు మోపాలి. నడుం దగ్గర మొదలై రెక్కల దాకా పోయి మళ్లీ కిందికి రావాలి. మధ్యలో ఎక్కడో టప్‌మంటుంది. జరిగిన ఎముక చోటుకొచ్చిన చప్పుడని అందరూ అంటారు గానీ, అది కాదు. కీలు సాగినప్పుడు లోపలి ద్రవంలో బుడగలాంటి ఖాళీ ఏర్పడుతుంది. 2015లో కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయంవాళ్లు వేలికణుపు విరుపును ఎమ్మారై కింద పెట్టి దీన్ని కళ్లారా చూశారు.

పాదంతో వెన్ను సరిచెయ్యడాన్ని రాతలో పెట్టినవాళ్లలో గ్రీకులు ముందుంటారు. ఈ కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే. హిప్పొక్రటీస్ పేరు మీదున్న కీళ్ల గ్రంథం సుమారు 2400 ఏళ్ల కిందటిది. గూని వచ్చిన మనిషిని బల్లమీద బోర్లా పడుకోబెట్టి, చంకల కింది నుంచీ మోకాళ్ల దగ్గరా పట్టీలు కట్టి, తలవైపు ఒకరు, కాళ్లవైపు ఒకరు గుంజాలంటుంది. అదే సమయంలో వైద్యుడు అరచేత్తో గూనిమీద నొక్కాలి. కూర్చున్నా మంచిదే. పాదం మోపి మెల్లగా బరువు ఊపినా తప్పులేదు. ఆ పనికి తగినవాడెవడో కూడా చెబుతుంది: కుస్తీ బరిలో చెయ్యి తిరిగినవాడు. నిచ్చెనకు మనిషిని కట్టి, ఎత్తు నుంచి నిట్టనిలువునా దింపి కుదిపే పద్ధతినీ వర్ణిస్తూనే, అది జనం నోళ్లు వెళ్లబెట్టాలని చేసే ఆర్భాటమని ఈసడిస్తుంది. జనం చూసేది నిచ్చెననే, కానీ పని తెలిసిన పాదం వస్తాదుది. ఆ సంగతి వైద్యుడే ఒప్పుకుని రాసిపెట్టడం నాకు ఎంతో గొప్పగా అనిపిస్తుంది.

పాతబస్తీ మనిషికి ఇందులో వింతేమీ ఉండదు. ఇక్కడ ఎముకలు కట్టే దవాఖానాల బోర్డుల మీద డాక్టరు పేరుండదు, పహిల్వాన్ పేరుంటుంది. తాలీంలో, అంటే కుస్తీ నేర్పే చోట, దండీలు, బైఠకులు తీసి, మట్టిలో పట్టుపట్టి, జారిన భుజాన్నీ బెణికిన మడమనూ అక్కడికక్కడే సర్దుకుంటూ నేర్చిన చెయ్యి అది. మన సుశ్రుతుడు కూడా కసరత్తు చేసి పాదాలతో మర్దన చేయించుకున్న ఒంటి దగ్గరికి రోగాలు రావన్నాడు. కసరత్తూ తొక్కుడూ ఆయనకు ఒకే జాబితాలోవి. బలం పెంచడమూ వెన్ను సర్దడమూ వేర్వేరు విద్యలన్న మాట ఆ పాత రాతల్లో కనిపించదు.

ఆ రెండూ విడిపోవడం నిన్నమొన్నటి ముచ్చట. మధ్య వందల ఏళ్లు చేతినుంచి చేతికి నడిచాయి. 1867లో లండన్ సర్జన్ జేమ్స్ పేజెట్, ఎముకలు కట్టేవాళ్లు నయంచేసే కేసుల గురించి తోటి డాక్టర్లకే పాఠం చెప్పాడు: వాళ్లలోని మంచి నేర్చుకోండి, చెడ్డ మానండి అని. 1895లో అమెరికాలోని డావెన్‌పోర్టులో డేనియల్ డేవిడ్ పామర్ ఒక భవనం ఊడ్చే హార్వే లిల్లార్డ్ వెన్నుపూస సర్ది, అతని చెవుడు పోయిందన్నాడు. కైరోప్రాక్టిక్ అనే వెన్ను సర్దే విద్య అలా పుట్టింది, నడుంనొప్పితో కాదు, వినికిడితో! తర్వాత ఆ విద్య నొప్పుల గదిలోకి చేరింది. బలం మాట మరుగున పడింది. మనదగ్గరా అదే వరస. తాలీంలు తగ్గి జిమ్ములు వచ్చాయి. జిమ్ములో బరువు ఎత్తించేవాడు ఉంటాడు, పట్టేసిన వెన్నుమీద చెయ్యి వేసే ఉస్తాద్ ఉండడు. మనం పోగొట్టుకున్నది పెద్దదే.

విచిత్రంగా ఆ పాత జోడింపు ప్రయోగశాలలో మళ్లీ తేలింది. 2018లో అచ్చయిన ఒక పరీక్షలో 11 మంది మేటి తైక్వాండో ఆటగాళ్లకు ఒకసారి వెన్ను సర్దారు, ఇంకోసారి ఊరికే కదిలించి వదిలారు. ప్రతిసారీ పాదాన్ని కిందికి అదిమే పిక్క బలం కొలిచారు. సర్దినప్పుడు బలం పెరిగింది. నరానికి కరెంటు తగిలించి చూస్తే, వెన్నుపాములోని ప్రతిచర్య మారలేదు, పైనుంచి కండకు వచ్చే ఆజ్ఞ గట్టిపడింది. అంటే కండ పెరగలేదు, ఉన్న కండను మెదడు మరికాస్త గట్టిగా వాడుకుంది. ఇలాంటి పరీక్షల్లో మనుషులు కొద్దిమందే, ఫలితం కొంతసేపటిదే, అన్నీ ఒకే మాట చెప్పవు. అందుకని ఆరోగ్యంగా ఉన్నవాడు బలం కోసమని మెడ విరిపించుకోవద్దు. మెడను ఒక్కసారిగా తిప్పితే నెత్తుటి గొట్టం చీలిన కేసులున్నాయి. ఎముకలు బోలైన ముసలివాళ్ల నడుం అస్సలు తొక్కకూడదు.

ఆ పరీక్షలో కొలిచింది చేత్తో చేసే సర్దుబాటునే. పాదంతో తొక్కితే ఏమవుతుందో కూడా చూడాలి. ఇంకా తాలీం నడుపుతున్న ఉస్తాదులు పాతబస్తీలో ఉన్నారు, పరీక్షించే యంత్రాలు నగరంలోని ఫిజియోథెరపీ కాలేజీల్లో దొరుకుతాయి. ముందు చెయ్యాల్సింది ఆ ఉస్తాదుల దగ్గర కూర్చుని, మడమ ఎక్కడ పెడతారో, ఎంత బరువు మోపుతారో, ఎవరిని తొక్కనంటారో అడిగి రాసుకోవడం.