అన్నీ కలిపి

"వారం రోజులపాటు ‘ఇవాళ ఏం వండమంటారు’ అని నేనెవర్నీ అడగకూడదు. అంతే. ఇంకేమీ చూపించకపోయినా ఫర్వాలేదు" అంది నా స్నేహితురాలు. 2019లో, బ్యాంకు ఉద్యోగం నుంచి స్వచ్ఛంద విరమణ తీసుకున్న నెలలో అన్న మాట అది. డిగ్రీ రోజులనుంచీ స్నేహితులమే గానీ, ముప్ఫై అయిదేళ్ళలో మేమిద్దరమే కలిసి ఏ ఊరూ వెళ్ళలేదు. పెళ్ళిళ్ళకి వెళ్ళాం, చావులకి వెళ్ళాం, పిల్లల ఎంట్రన్సు పరీక్షలకి తోడు వెళ్ళి చెట్లకింద కూర్చున్నాం. సెలవు మీద మాత్రం వెళ్ళలేదు.

అసలు మన ఇళ్ళలో ఆడవాళ్ళకి సెలవంటే ఏమిటి? పుట్టింటికి వెళ్ళడం ఒకటి. అదీ అమ్మ చేతికింద చేసే పనే. అమ్మ పోయాక వదిన చేతికింద. కార్తీకమాసపు వనభోజనాలు ఇంకొకటి. ఉసిరిచెట్టు కింద అందరూ కబుర్లు చెప్పుకుంటారు. గుండిగలూ గరిటెలూ బండెక్కి మనతోబాటే వస్తాయి. ఆ రోజు వంటిల్లు ఆరుబయటికి వస్తుంది, అంతే తేడా. కాబట్టి ఆమె కోరిక చిన్నదేమీ కాదు.

ఆమే వెతికి మారిషస్ ఉత్తర తీరంలో ఒక రిసార్టు ఎంచింది. ‘ఆల్ ఇన్‌క్లూజివ్’. గది, మూడు పూటలా తిండి, మధ్యలో టీలూ టిఫిన్లూ, తాగేవాళ్ళకి తాగినంత, పడవ షికార్లు, రాత్రి ఆటపాటలు, అన్నీ ముందు కట్టిన డబ్బులోనే కలిసి ఉంటాయి. దిగగానే చేతికొక ప్లాస్టిక్ పట్టీ చుట్టారు. అది ఉంటే చాలు, పర్సు తియ్యక్కర్లేదు.

ఈ పద్ధతికీ ఒక చరిత్ర ఉంది. 1950లో జెరార్డ్ బ్లిట్జ్ అనే బెల్జియం దేశస్థుడు స్పెయిన్‌కి చెందిన మయోర్కా దీవిలో, అల్కూదియా తీరాన గుడారాలు వేసి ‘క్లబ్ మెడిటెరానే’ మొదలుపెట్టాడు. యుద్ధంతో అలిసిపోయిన యూరప్ జనానికి ఎండా, సముద్రమూ, కలిసి తినే భోజనమూ ఒకే ధరకి ఇవ్వడం ఆయన ఆలోచన. తర్వాత ఆ క్లబ్బు విడిదుల్లో డబ్బులకి బదులు పూసలు చెల్లేవి. మెడలోని పూస తెంపి ఇస్తే గ్లాసు వచ్చేది. డబ్బు కనబడకపోతే అది చేతులు మారడం లేదనిపిస్తుంది. డబ్బుతోపాటు దాన్ని సంపాదించుకునే పనివాళ్ళూ కనబడకుండా పోతారు. అదే క్లబ్బు 1973లో మారిషస్‌కీ వచ్చింది. దాని చోటు పాయింట్ ఓ కనోనియే అనే భూశిరం. పంతొమ్మిదో శతాబ్దంలో అక్కడ క్వారంటైన్ కేంద్రం నడిచింది. ఓడల్లో వచ్చిన కూలీలను రోగాల భయంతో ఊళ్ళోకి రానివ్వకుండా ఆపిన చోట్లలో అదొకటి.

నేను చరిత్ర పాఠాలు చెప్పుకుని బతికినదాన్ని. మారిషస్ అనగానే నాకు సముద్రంకంటే ముందు కోరంగి గుర్తొస్తుంది. 1839 తుపానుకి కాకినాడ దగ్గరి ఈ రేవు తుడిచిపెట్టుకుపోయింది. కానీ దాని పేరు సముద్రం దాటి బతికింది. మారిషస్‌లో తెలుగువాళ్ళని కోరంగీలనే అనేవారు. 1834 నవంబరు 2న ‘అట్లాస్’ ఓడలో 36 మంది కూలీలు పోర్ట్ లూయీలో దిగారు. అక్కణ్ణించి ఇరవయ్యో శతాబ్దం మొదటి దశకాల వరకూ నాలుగున్నర లక్షల మంది భారతీయులు ఆ దీవికి చేరారు. వాళ్ళు ఎక్కిన పదహారు మెట్లున్న అప్రవాసీ ఘాట్‌ని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

వాళ్ళు ఒప్పుకుని వచ్చిన షరతులు చదివితే నవ్వూ దుఃఖమూ కలిసి వస్తాయి. మగ కూలీకి నెలకు అయిదు రూపాయలు. దానితోబాటు బియ్యం, పప్పు, ఉప్పు, నూనె, ఏడాదికిన్ని బట్టలు, ఉండడానికి గుడిసె. అన్నీ కలిపే. ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. దాన్ని ‘డబుల్ కట్’ అనేవారు. 1867 చట్టం వచ్చాక, ఒప్పందం ముగిసినవాళ్ళు కూడా ఫోటో అంటించిన టికెట్ వెంట ఉంచుకోవాలి. లేకుండా రోడ్డు మీద కనబడితే నిర్బంధమే. మా చేతి పట్టీ తలుపులన్నీ తెరిచేది. వాళ్ళ టికెట్ దారులన్నీ మూసేది. రెంటికీ పోలిక చెప్పడం తేలిక, అన్యాయం కూడా. నేను ఆగింది వేరే చోట.

ఆ ఒప్పందంలో బియ్యం ఉన్నాయి. అన్నం లేదు. నీళ్ళు తెచ్చిందెవరు, పొయ్యి రాజేసిందెవరు, తెల్లవారుజామున చెరకు తోటకి వెళ్ళే మనిషికి కట్టి ఇచ్చిందెవరు? మొదట్లో ఓడల్లో ఆడవాళ్ళు చాలా తక్కువ. 1850ల నుంచి మగవాళ్ళతో పాటు ఇంతమంది స్త్రీలు ఉండాలని నిబంధన పెట్టారు. కూలీలు కుదురుగా ఉంటారన్నది ప్రభుత్వం లెక్క. వచ్చిన స్త్రీలలో ఎక్కువమంది మగవాళ్ళలాగా ఒప్పందం మీద వేలిముద్ర వెయ్యలేదు. ఆ కాగితాల్లో వాళ్ళు ఫలానావాడి భార్య, ఫలానావాడి కూతురు. ఆవుల్ని మేపారు, గడ్డి కోశారు, కూరగాయలు పండించారు, పిల్లల్ని పెంచారు. కూలి జాబితాలో మాత్రం చాలామంది లేరు. చరిత్రకారిణి మెరీనా కార్టర్ ‘లక్ష్మీస్ లెగసీ’ (1994)లో అర్జీలూ సాక్ష్యాలూ వెతికి ఆ స్త్రీల మాటల్ని బయటికి తీసింది. మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో వలసవాళ్ళ ఫోటోలు భద్రంగా ఉన్నాయి. వాటిలో ఆడవాళ్ళూ ఉన్నారు, కెమెరాకేసి చూస్తూ.

మూడోరోజు మమ్మల్ని పెద్ద తెరచాప పడవలో గాబ్రియేల్ దీవికి తీసుకెళ్ళారు. కాల్చిన చేపలు, సలాడ్, కూల్ డ్రింకులు, కలిపే. తెల్లటి ఇసుక, గాజులాంటి నీళ్ళు. నా స్నేహితురాలు చీరలకి సెలవిచ్చి, కొత్తగా కొనుక్కున్న బట్టల్లో మోకాలి లోతు నీళ్ళల్లో కూర్చుని చిన్నపిల్లలా నవ్వుతోంది. నాకు నోరు ఊరుకోలేదు. "1856లో కలకత్తా నుంచి వచ్చిన రెండు ఓడల వాళ్ళని కలరా పేరుతో ఈ దీవి మీదే దింపి వదిలేశారు. సరైన నీడ లేదు, తిండి లేదు. రెండు వందలమందికి పైగా ఇక్కడే చచ్చిపోయారు. ఆ గొడవకి కొన్నాళ్ళు మారిషస్‌కి వలసలే ఆపేశారు" అన్నాను.

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తిరుగు ప్రయాణంలో అంది. "చెప్పొద్దనను. కానీ ఒక్కటడుగుతాను. మగవాళ్ళు సెలవుకి వెళ్ళినప్పుడు వాళ్ళ పక్కన కూర్చుని ఎవరైనా ఇవన్నీ చెప్తారంటే? నాకు ఒక్క వారం దొరికింది. ఆ వారానికి కూడా లెక్క అప్పజెప్పాలా?"

నా దగ్గర జవాబు లేదు. స్త్రీకి విశ్రాంతి హక్కని వ్యాసాలు రాసినదాన్నే. ఆ హక్కు వాడుకుంటున్న స్త్రీని అపరాధిలా నిలబెట్టాను. ఆమెకి విశ్రాంతినిచ్చింది ఇంకో స్త్రీ శ్రమేనన్నదీ అబద్ధం కాదు. ఈ రెండింటిలో ఏ ఒక్కటి చెప్పి ఊరుకున్నా సగమే చెప్పినట్టు.

విచిత్రమేమిటంటే, లెక్క నాకంటే ఆమెకే ఎక్కువ పట్టింది. రోజూ పొద్దున్నే లేచి దుప్పట్లు మడిచేది, దిండ్లు సర్దేది, బాత్‌రూమ్ నేల తుడిచేది. "మంచం అలా వదిలేసి బయటికి వెళ్తే సిగ్గేస్తోందే" అనేది. గది శుభ్రం చెయ్యడానికి వచ్చే ఆమెకి నలభై అయిదేళ్ళుంటాయేమో. నాలుగోరోజు ఇంగ్లీషూ, సినిమా హిందీ కలిపి మెల్లగా చెప్పింది. "మేడమ్, మీరు సర్దకండి. అదంతా తీసి, మళ్ళీ మా పద్ధతిలో వేయాలి. నాకు రెండుసార్లు పని."

మా మంచితనం ఆమెకి అదనపు చాకిరీ అయింది! అప్పుడు ముగ్గురం నవ్వాం. అప్పుడే మాటలు కలిశాయి. వాళ్ళ నాయనమ్మ తెలుగు మాట్లాడేదట. ఈమెకి రామభజనమూ అమ్మోరు పండగా తెలుసు, భాష రాదు. పెళ్ళికి ముందు బట్టల ఫ్యాక్టరీలో కుట్టేది. అది మూతపడ్డాక హోటల్లోకి వచ్చింది.

ఆ రెండు వాక్యాల్లో ఆ దేశపు స్త్రీల చరిత్ర అరవై శాతం ఉంది. 1968లో స్వతంత్రం వచ్చేనాటికి మారిషస్‌కి చక్కెర తప్ప వేరే ఆధారం లేదు. 1970లో ఎగుమతుల ప్రత్యేక మండలం చట్టం తెచ్చారు. బట్టల ఫ్యాక్టరీలు లేచాయి. వాటిల్లో ఎక్కువమంది ఆడవాళ్ళే. వాళ్ళకైతే తక్కువ కూలి ఇవ్వచ్చు కాబట్టి. ప్రపంచమంతా మెచ్చుకున్న ‘మారిషస్ అద్భుతం’ ఆ కుట్టుమిషన్ల మీద నిలబడింది. 2005లో వస్త్రాల కోటాలు ఎత్తేసేసరికి వేలమంది వీధిన పడ్డారు. మరోపక్క చక్కెర తోటల యజమానుల పెట్టుబడులు హోటళ్ళలోకి మళ్ళాయి. 2018లో ఆ దేశానికి వచ్చిన యాత్రికులు అక్కడి జనాభాకంటే ఎక్కువ. చెరకు, కుట్టుమిషను, దుప్పటి. మూడు తరాల చేతులవి.

రిసార్టు నుంచి కారులో కొద్దిసేపు పోతే బెల్ వ్యూ దగ్గర ఒక స్టేడియం ఉంది. పేరు అంజలై. డ్రైవరు క్రికెట్టు కాదు, ఫుట్‌బాల్ ఆడతారని చెప్పాడు. ఎవరీ అంజలై? 1943 సెప్టెంబరు 27న బెల్ వ్యూ అరెల్ తోటలో కూలి కోసం సమ్మె చేస్తున్న కార్మికుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. నలుగురు పోయారు. వారిలో ఒకరు పద్నాలుగేళ్ళ పిల్లవాడు. ఒకరు అంజలై కూపెన్, ముప్ఫై రెండేళ్ళ మనిషి, అప్పుడు గర్భవతి. ఆ స్టేడియం ముందు నిలబడి నా స్నేహితురాలే అంది. "ఈవిడ జాలి అడగలేదు కదే, కూలి అడిగింది." గది శుభ్రం చేసే మనిషికి మేము దుప్పటి మడిచి ఇవ్వడం జాలి. ఆమె పనిగంటలెన్ని, జీతమెంత, ఆదివారం ఎవరిది అని అడగడం వేరే పని.

ఆదివారం మేము తీరం వెంబడి నడిచి పబ్లిక్ బీచ్‌కి వెళ్ళాం. మారిషస్‌లో సముద్రపు ఒడ్డున 81 మీటర్ల మేర నేల ప్రభుత్వానిదేనని 1895 నాటి చట్టం. దాన్నే హోటళ్ళకి లీజుకిస్తారు. లీజులకి పోను మిగిలిన జాగాల్లో ఆదివారం ఊళ్ళకి ఊళ్ళే బస్సులు కట్టుకుని దిగుతాయి. అక్కడి చెట్లు చూసి ఇద్దరం ఆగిపోయాం. సరుగుడు చెట్లు! మన కోస్తాలో ఇసుక తోటల్లో ఉండేవే. వాటి కింద చాపలు, గిన్నెలు, పిల్లలు. మగవాళ్ళు రవాన్ డప్పుని మంటకి కాచి బిగిస్తున్నారు. బానిసలు కట్టుకున్న సెగా పాటలకి వాయించే డప్పు అది. మా రిసార్టులో రాత్రిపూట భోజనాల మధ్య చూపించిన ఆటకి ఇదే మూలం. ఇక్కడ ఎవరూ మాకోసం ఆడటం లేదు.

ఒక చాప దగ్గర మా గది ఆమె కనబడింది. ఇంటిల్లిపాదికీ బిర్యానీ వడ్డిస్తోంది. మమ్మల్ని పిలిచి ఆకుల్లాంటి కాగితం పళ్ళేలు చేతిలో పెట్టింది. "ఇవాళ మీకు సెలవా?" అని నా స్నేహితురాలు అడిగింది.

ఆమె గరిట ఆపకుండానే నవ్వింది. "హోటల్‌కి సెలవు."

నాలుగింటికి లేచి వండిందట.

ఇప్పుడు కోరంగి రేవులో ఓడలు లేవు. కానీ ఆ గోదావరి జిల్లాల నుంచే స్త్రీలు కువైట్‌కీ, మస్కట్‌కీ ఇళ్ళల్లో వండడానికీ, పిల్లల్ని చూడడానికీ వెళ్తున్నారు. వాళ్ళ ఒప్పందాల్లోనూ తిండీ, బసా కలిపే.  వాళ్ళు సెలవుకి ఇంటికొచ్చినప్పుడు ఏం చేస్తారో మనం ఎప్పుడైనా అడిగామా? అడిగి రాసుకుందాం. కాగితాలకెక్కకపోతే, నూటయాభై ఏళ్ళ తర్వాత వీళ్ళూ ఫలానావాడి భార్యలుగానే మిగులుతారు.