అకారం నీడలో అయిదు శాస్త్రాలు



1991లో ఒకనాడు పదవ తరగతి విద్యార్థి ఒకడు దినపత్రికలో చూసిన "ద్రవ్యోల్బణం" అన్న మాటకు అర్థమడిగాడు. నేను ఉత్సాహంగా నల్లబల్ల మీద వ్రాశాను: ద్రవ్య + ఉల్బణం, గుణసంధి. ఉల్బణమంటే మితిమీరినదని అర్థమూ చెప్పాను. వాడు వినయంగానే అన్నాడు: "సంధి తెలిసింది మాష్టారూ, బియ్యం ధర ఎందుకు పెరిగిందో తెలియలేదు."

తరగతి నవ్వింది. నేనూ నవ్వాను గాని, ఆ మాట ఇన్నేళ్లయినా నన్ను విడువలేదు.

భాషాప్రవీణ చదివే రోజుల్లో మేము కట్టమంచి రామలింగారెడ్డిగారి 'కవిత్వతత్త్వవిచారము' శ్రద్ధగా పఠించాము. సూరన కళాపూర్ణోదయంపై ఆయన చేసిన విమర్శను గురించి గంటల తరబడి వాదించుకున్నాము. ఆ రెడ్డిగారే తెలుగులో అర్థశాస్త్ర గ్రంథం కూడా రచించారని మాకెవరూ చెప్పలేదు. మేమూ వెదకలేదు. ఆ విద్యార్థి ప్రశ్న తరువాతనే గ్రంథాలయంలో దానికోసం వెదికాను.

అది విజ్ఞానచంద్రికా గ్రంథమాలలో వచ్చిన పుస్తకం. ఆ మండలిని కొమర్రాజు లక్ష్మణరావుగారు మిత్రులతో కలిసి 1906లో హైదరాబాదులో స్థాపించారు. చరిత్రలు, జీవితచరిత్రలు, ప్రకృతిశాస్త్రాలు తెలుగువానికి తెలుగులోనే అందాలన్నది వారి సంకల్పం. తరువాత లక్ష్మణరావుగారు అంతకన్న పెద్ద పనికి పూనుకున్నారు. అదే 'ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము'. 1923లో ఆయన కన్నుమూసే నాటికి మూడు సంపుటాలే వెలువడ్డాయి. వర్ణమాలలో తొలి అక్షరాల వద్దనే పని ఆగిపోయింది.

అకారాది క్రమానిది ఒక చిత్రమైన న్యాయం. దానికి శాఖాభేదం లేదు. మనం వేరువేరు గదులలో కూర్చోబెట్టిన విద్యలను అది ఒకే పంక్తిలో కూర్చోబెడుతుంది. అర్థశాస్త్రం, ఆరోగ్యం, అక్షరాస్యత, అద్వైతం, ఆనకట్ట: అయిదూ మొదటి రెండు అక్షరాలలోనే ఇమిడిపోతాయి. ఈ అయిదింటినీ వరుసగా తలచుకోవడం నాకొక అలవాటయింది.

ఆనకట్ట అనగానే ధవళేశ్వరం గుర్తుకు వస్తుంది. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆ నిర్మాణానికి ముందు కాటన్ దొర కావేరి మీది కల్లణైని పరిశీలించాడు. ఇసుకలో పునాది నిలిపే మర్మం ఆ ప్రాచీనుల వద్దనే నేర్చుకున్నామని ఒప్పుకున్నాడు కూడా. ఆ విద్యతోపాటు మన దక్షిణాది మాట కూడా 'ఆనికట్'గా ఆంగ్లంలోకి వెళ్లింది.

ఆరోగ్యమంటే భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1925లో ఫిస్కేతో కలిసి, దేహద్రవాలలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. తరువాత అమెరికాలో ఆయన నాయకత్వాన సాగిన పరిశోధనల నుండే బోదకాలు వ్యాధికి నేటికీ వాడుతున్న డైఇథైల్ కార్బమజీన్ వచ్చింది. గోదావరి జిల్లాల వారికి ఆ వ్యాధి ఎంతటిదో చెప్పనక్కరలేదు.

అక్షరాస్యతకు గిడుగు రామమూర్తిగారు. పర్లాకిమిడిలో చరిత్ర పాఠాలు చెప్పుకొనే ఉపాధ్యాయుడు కొండల్లోని సవరల భాష నేర్చి, వారి పిల్లలకు వాచకాలు వ్రాసి, సొంత సొమ్ముతో బడులు పెట్టించారు. 1931లో సవర భాషకు వ్యాకరణ గ్రంథం వెలువరించారు. బడిపంతులు కూడా పరిశోధకుడు కాగలడనడానికి ఇంతకన్న నిదర్శనం నాకు తెలియదు.

ఇక అద్వైతం. లక్ష్మణరావుగారు అస్తమించిన 1923లోనే సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి భారతీయ తత్త్వశాస్త్ర గ్రంథం తొలి సంపుటం ఆంగ్లంలో వెలువడింది. 1931లో ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులయ్యారు. అంతకుముందు ఆ పీఠంలో ఉన్నవారు రామలింగారెడ్డిగారే. 1936లో మళ్లీ ఆ స్థానానికి వచ్చినదీ వారే. కావ్యవిమర్శ, అర్థశాస్త్రం తెలిసిన వ్యక్తీ, వేదాంతం తెలిసిన వ్యక్తీ ఒకే కుర్చీలో ఒకరి తరువాత ఒకరు కూర్చున్నారన్నమాట.

మన పూర్వులకు విద్యల నడుమ ఇంత ఎత్తయిన గోడలు లేవు. గోడలు లేపుకున్నది నావంటివారము. పైగా నేను చెప్పిన ఈ పరిశోధనలలో చాలావరకు ఆంగ్లంలోనే ఉండిపోయాయి. వాటిని తెలుగులోకి తేవలసిన భాషాపండితుడు మాటను విడగొట్టి చూపి ఊరుకున్నాడు, మాట వెనుకనున్న వస్తువును చూపలేదు. లక్ష్మణరావుగారి పని ఆగినచోటనే మా పని మొదలు కావలసింది.

ఆనాటి విద్యార్థి ఇప్పుడెక్కడున్నాడో తెలియదు. కనబడితే ముందు బియ్యం సంగతి చెబుతాను: సరుకు కొరవడినా, సరుకును మించి డబ్బు చెలామణి అయినా ధర పెరుగుతుంది నాయనా, అని. గుణసంధి తరువాత చెప్పుకోవచ్చు.