గడియారం చెప్పని సంగతులు
(రేడియో ప్రసంగం)



పరుగుపందాల చరిత్ర మనకెందుకండీ, అని మీరు అనుకోవచ్చు. నిజమే. కానీ పొద్దున లేచింది మొదలు మనం చేసేదంతా పరుగే కదా! పాలు పొంగేలోగా, కుళాయి ఆగిపోయేలోగా, పిల్లల బస్సు వచ్చేలోగా. మన పరుగుకి గడియారం పట్టుకుని నిలబడేవాళ్ళు లేరు, అంతే తేడా.

పోయిన సంక్రాంతికి మా పుట్టిల్లు మైలవరం వెళ్ళాను. మా అన్నయ్య కూతురు తొమ్మిదో తరగతి చదువుతోంది. బడిలో 800 మీటర్ల పందెంలో మొదటిది వచ్చింది. డ్రిల్లు మాస్టారు చీటీ మీద రాసిచ్చారట, 2 నిమిషాల 58 సెకన్లు అని. విజయవాడలో ఎంపికలు ఉన్నాయి, పంపించండి అని కూడా చెప్పారట. పిల్ల ఆ చీటీని లెక్కల పుస్తకంలో దాచుకుంది.

మా అన్నయ్య సెల్‌ఫోనులో ఏదో వెతికి, "ఇదిగో చూడు చెల్లెమ్మా, 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో ఇదే పందెం గెలిచిన ఇంగ్లండు పిల్ల కీలీ హాడ్జ్‌కిన్సన్ 1 నిమిషం 56.72 సెకన్లలో పరుగెత్తింది. మన పిల్ల నిమిషం పైన వెనకబడి ఉంది. ఎండలో ఒళ్ళు కాల్చుకోవడం తప్ప ఏం ఒరుగుతుంది? బుద్ధిగా చదువుకోమను" అన్నాడు.

ఆ రాత్రి పిల్ల నా పక్కలో చేరి, "అత్తా, నేను మరీ అంత నెమ్మదా?" అని అడిగింది. నాకు వెంటనే జవాబు తోచలేదు. తరువాత కుదురుగా కూర్చుని పుస్తకాలు తిరగేస్తే తెలిసిన సంగతులే ఇవాళ మీతో చెబుతున్నాను.

మన వంటింటి లెక్కలోనే చూద్దాం. మా నాయనమ్మ పచ్చికట్టెలు ఊదుకుంటూ అన్నం వండేది. ఆవిడకి గంట పట్టేది. నాకు గ్యాసు పొయ్యి మీద, కుక్కర్లో ఇరవై నిమిషాలు చాలు. అంతమాత్రాన నేను నాయనమ్మ కంటే మూడురెట్లు పనిమంతురాలినని అంటే మా అమ్మ ఊరుకుంటుందా? పొయ్యి ఏది, కట్టె ఎలాంటిది, గిన్నె ఏది అని అడగకుండా వంటకి పట్టిన సమయం ఒక్కటీ చెబితే అది సగం మాటే. పరుగుపందాల సంగతీ అంతే.

800 మీటర్లు, 1500 మీటర్లు, మైలు, వీటిని మధ్యదూరపు పరుగులంటారు. పెద్ద మైదానంలో ఒక చుట్టు 400 మీటర్లు. 800 అంటే రెండు చుట్లు. మైలు అంటే 1609 మీటర్లు, నాలుగు చుట్ల పైన కొంచెం. వంద మీటర్లలాగా ఒక్క ఊపిరిలో అయిపోదు. అలాగని నింపాదిగా సాగేదీ కాదు. మొదట తొందరపడితే చివర కాళ్ళు బరువెక్కుతాయి, మొదట వెనకాడితే చివర అందుకోలేం. నెల జీతంతో ఇల్లు నడిపేవాళ్ళకి ఈ కిటుకు వేరే చెప్పాలా!

ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళని పరుగుపందాలకి మొట్టమొదట రానిచ్చింది 1928లో, హాలండులోని ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో. అప్పుడే 800 మీటర్లు కూడా పెట్టారు. జర్మనీ నుంచి వచ్చిన లీనా రాడ్కే 2 నిమిషాల 16.8 సెకన్లతో ప్రపంచ రికార్డు స్థాపించింది. రెండో స్థానం జపాను అమ్మాయి కినుయె హితోమిది. ఆమె నమ్ముకున్నది 100 మీటర్లు. అందులో ఓడిపోయి, ఉత్తచేతులతో ఇంటికి వెళ్ళలేక, అలవాటే లేని 800 మీటర్లలో దిగి, 2 నిమిషాల 17.6 సెకన్లలో రజతం గెలుచుకుంది. ఒలింపిక్ పతకం అందుకున్న తొలి జపాను మహిళ ఆమే. పాపం, మూడేళ్ళకే, 24 ఏళ్ళ వయసులో నిమోనియాతో కన్నుమూసింది.

మరి ఆ పందెం గురించి పత్రికలేం రాశాయో తెలుసా? ఆడవాళ్ళు కుప్పకూలిపోయారని, చూడటానికే ఘోరంగా ఉందని. పదకొండుమంది పరుగెత్తితే అయిదుగురు మధ్యలోనే ఆగిపోయారని కూడా ఒకరు రాశారు. అసలు పరుగెత్తింది తొమ్మిదిమంది! తొమ్మిదిమందీ చివరిదాకా పరుగెత్తారు. గీత దాటాక ఒకరిద్దరు ఆయాసంతో కూలబడ్డారు. అంతదూరం పరుగెత్తాక మగవాళ్ళు మాత్రం కూలబడరా? 1908లో లండను మారథాన్ పరుగులో ఇటలీకి చెందిన డొరాండో పియెట్రి మైదానంలోకి వచ్చాక ఒకటికి నాలుగుసార్లు పడిపోతే, అధికారులే పట్టుకుని గీత దాటించారు. అందుకని బహుమతి ఇవ్వలేదు గానీ, మర్నాడు రాణీగారు స్వయంగా పిలిచి వెండి కప్పు బహూకరించింది. మగవాళ్ళకి మారథాను వద్దని ఎవరూ అనలేదు. ఆడవాళ్ళ 800 మీటర్లని మాత్రం ఒలింపిక్స్ నుంచి తీసేశారు. మళ్ళీ పెట్టింది 1960లో, రోము నగరంలో. అంటే 32 ఏళ్ళు! ఒక తరం పిల్లలు పుట్టి, పెరిగి, తల్లులయ్యేంత కాలం.

రోములో రష్యా అమ్మాయి ల్యుద్మిలా షెవ్‌త్సోవా 2 నిమిషాల 4.3 సెకన్లలో గెలిచింది. ఆడవాళ్ళకి 1500 మీటర్ల పందెం ఒలింపిక్స్‌లో చేరడానికి 1972 దాకా ఆగాల్సి వచ్చింది.

ఇంకో సంగతి వినండి. 1954 మే 6న ఆక్స్‌ఫర్డులో రోజర్ బానిస్టర్ అనే వైద్య విద్యార్థి మైలు దూరాన్ని 3 నిమిషాల 59.4 సెకన్లలో పరుగెత్తాడు. నాలుగు నిమిషాల లోపు ఎవరివల్లా కాదనుకున్న పని అది. లోకమంతా మారుమోగింది. సరిగ్గా 23 రోజుల తరువాత, మే 29న, బర్మింగ్‌హామ్‌లో డయాన్ లెదర్ అనే రసాయన శాస్త్ర ఉద్యోగిని అదే మైలుని 4 నిమిషాల 59.6 సెకన్లలో పరుగెత్తింది. అయిదు నిమిషాల లోపు మైలు పరుగెత్తిన మొదటి స్త్రీ ఆమే. మరి ఆమె పేరు మనలో ఎందరు విన్నాం? అప్పటికి ఆడవాళ్ళ మైలుకి ప్రపంచ రికార్డు అనే లెక్కే లేదు. ఆ లెక్క రాయడం మొదలుపెట్టింది 1967లో. పని చేసినా పద్దు పుస్తకంలో ఎక్కకపోవడం మనకేం కొత్త!

ఇక నేల సంగతి. బానిస్టర్ కాలంలో ట్రాకు అంటే కాలిన బొగ్గు నుసిని పరిచి అణగదొక్కిన బాట. బొగ్గు ఇంజన్లు నడిచిన రోజుల్లో బెజవాడ స్టేషను పక్కన ఆ నుసి చూసినవాళ్ళకి తెలుస్తుంది. వాన పడితే ముద్దయిపోతుంది, ఎండితే కాలి కింద జారుతుంది. 1968లో మెక్సికో ఒలింపిక్స్ నుంచి రబ్బరులాంటి మెత్తని కృత్రిమ ట్రాకు వచ్చింది. అది కాలిని కిందకి లాగదు, పైకి నెడుతుంది.

అదే మెక్సికో నగరం సముద్రమట్టానికి 2240 మీటర్ల ఎత్తున ఉంది. కొండల మీద అన్నం తొందరగా ఉడకదని విన్నారు కదా, గాలి పలచన కావడమే కారణం. పొట్టి పరుగులవాళ్ళకి ఆ పలచని గాలి అడ్డు తగలక మేలే చేసింది. పొడుగు పరుగులవాళ్ళకి మాత్రం ఊపిరి అందలేదు. అలాంటిచోట అమెరికా అమ్మాయి మాడెలిన్ మానింగ్ 2 నిమిషాల 0.9 సెకన్లలో 800 మీటర్లు గెలిచిందంటే, ఆ అంకెని మైదాన ప్రాంతపు అంకె పక్కన ఊరికే పెట్టి చూడగలమా?

ఇక మన కాలానికొస్తే కెన్యా దేశపు ఫెయిత్ కిప్యెగాన్. చిన్నప్పుడు చెప్పులు లేకుండానే పరుగెత్తిన పిల్ల. 2018లో తల్లి అయింది. అయినా 2023లో మొనాకోలో మైలుని 4 నిమిషాల 7.64 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు స్థాపించింది. డయాన్ లెదర్ కంటే ఇంచుమించు 52 సెకన్లు తక్కువ! అయితే ఆమె కింద కృత్రిమ ట్రాకు ఉంది, కాలికి శాస్త్రజ్ఞులు తయారుచేసిన బూట్లు ఉన్నాయి, వెనక శిక్షకులు, వైద్యులు ఉన్నారు. 2025లో పారిస్‌లో ప్రత్యేకమైన దుస్తులు వేసుకుని, గాలి తగలకుండా ముందూ వెనకా తోడు పరుగువాళ్ళని పెట్టుకుని, అంతకంటే తక్కువ సమయంలో పరుగెత్తింది. ఏర్పాట్లు నిబంధనలకు లోబడినవి కావని దాన్ని రికార్డుగా తీసుకోలేదు. చూశారా, అంకెతోపాటు పరిస్థితి కూడా లెక్కలోకి వస్తుందని పెద్దలే ఒప్పుకున్నారు. ఇందులో కిప్యెగాన్ గొప్పతనానికీ లోటు లేదు, లెదర్ గొప్పతనానికీ లోటు లేదు.

మరి వేర్వేరు కాలాలవాళ్ళని పోల్చడం ఎలా? నాకు తోచిన కొలతలు రెండు. మొదటిది, తన కాలంలో, తనకున్న వసతులతో, తన తోటివాళ్ళకంటే ఎంత ముందుంది అని. రెండోది, ఆ రికార్డు ఎన్నాళ్ళు నిలిచింది అని. లీనా రాడ్కే రికార్డు 16 ఏళ్ళు నిలిచింది. మన దేశంలోనే చూడండి. 1976లో మాంట్రియల్ ఒలింపిక్స్ 800 మీటర్ల ఫైనల్లో రాజస్థాన్ సైనికుడు శ్రీరామ్ సింగ్ మొదటి చుట్టులో అందరికంటే ముందు నడిచాడు. ఆ వేగం అందుకునే క్యూబా వీరుడు హువాంటొరేనా 1 నిమిషం 43.50 సెకన్లతో ప్రపంచ రికార్డు సృష్టించాడు. శ్రీరామ్ సింగ్ చివరికి ఏడోవాడయ్యాడు, 1 నిమిషం 45.77 సెకన్లు. పట్టికలో చూస్తే ఏడో స్థానమే. కానీ ఆ అంకెని దాటడానికి మరో భారతీయుడికి 42 ఏళ్ళు పట్టింది. 2018లో జిన్సన్ జాన్సన్ దాటాడు, అదీ సెకనులో ఎనిమిదోవంతుతో.

ఆడవాళ్ళలో కేరళ అమ్మాయి షైనీ 1984లో లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో 800 మీటర్ల సెమీఫైనల్ దాకా వెళ్ళింది. పెళ్ళయి, తల్లి అయ్యాక, 30 ఏళ్ళ వయసులో, 1995లో మద్రాసులో 1 నిమిషం 59.85 సెకన్లలో పరుగెత్తింది. రెండు నిమిషాల లోపు పరుగెత్తిన తొలి భారతీయ మహిళ ఆమే. పిల్లలు పుడితే ఆటలు సరి అనేవాళ్ళకి ఇంతకంటే జవాబేముంది?

మన తెలుగునేల మీద వరంగల్లు వైపు కల్లెడ గ్రామంలో పుట్టిన జీవంజి దీప్తి ఉంది. మేధోపరమైన లోపం ఉన్నవారి విభాగంలో 2024లో జపానులోని కోబేలో 400 మీటర్లని 55.07 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు స్థాపించింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లతో కాంస్యం తెచ్చింది. చిన్నప్పుడు ఊళ్ళో ఎగతాళి చేసినవాళ్ళు ఆ పిల్లని ఎవరితో పోల్చి చూశారో వాళ్ళకే తెలియాలి.

ఇక మా అన్నయ్యకి నేను కాగితం మీద వేసి చూపించిన లెక్క ఇది. ఒలింపిక్స్‌లో 800 మీటర్లు గెలిచిన మగవాళ్ళ సమయం 1928లో 1 నిమిషం 51.8 సెకన్లు, 2024లో 1 నిమిషం 41.19 సెకన్లు. అంటే 96 ఏళ్ళలో తగ్గింది పదిన్నర సెకన్లు. ఆడవాళ్ళది 2 నిమిషాల 16.8 నుంచి 1 నిమిషం 56.72కి వచ్చింది. తగ్గింది 20 సెకన్లు! ఇంచుమించు రెండింతలు. అదీ మధ్యలో 32 ఏళ్ళు తలుపు మూసి ఉంచితే. ట్రాకు ఇద్దరికీ మారింది, బూట్లు ఇద్దరికీ మారాయి. మరి ఆడవాళ్ళకి అదనంగా మారిందేమిటి? కాళ్ళు కాదు కదా! రానిచ్చారు, నేర్పారు, అంతే.

అన్నయ్య కాగితం వంక చూసి, "బాగానే ఉంది, మన పిల్ల చీటీ మాత్రం మారదుగా" అన్నాడు.

అప్పుడు నాకో ఆలోచన వచ్చింది. మర్నాడు పొద్దున్నే నేనూ, వదినా, పిల్లా కలిసి ఇల్లు కట్టే మేస్త్రీని అడిగి 30 మీటర్ల టేపు తీసుకుని ఆ మైదానానికి వెళ్ళాం. గట్టి మట్టినేల, ఓ మూల కంకర తేలి ఉంది. సున్నంతో గీసిన గీత ఇంకా చెరగలేదు. చుట్టు 200 మీటర్లన్న లెక్కతో నాలుగు చుట్లు పరిగెత్తించారట. అడుగులతో కొలిచి గీశారట. మేం టేపుతో కొలిస్తే చుట్టు 210 మీటర్లు వచ్చింది! అంటే మా పిల్ల పరుగెత్తింది 840 మీటర్లు. ఆ లెక్కన 800 మీటర్లకి 2 నిమిషాల 50 సెకన్ల లోపే. అదీ చిన్న మైదానంలో, ఎక్కువ మలుపులు తిరిగి, మట్టిలో, బడికి వేసుకెళ్ళే బూట్లతో.

ఇంత చెప్పి మా పిల్ల రేపు ఒలింపిక్స్‌కి వెళుతుందని నేననడం లేదు. 1928 నాటి లీనా రాడ్కేకి కూడా అరనిమిషం వెనకే ఉంది. ఎంపికల్లో నెగ్గుతుందో లేదో తెలియదు. కానీ పిల్లని పోల్చాల్సింది పారిస్ పట్టికతో కాదు, నిరుటి తనతో. ఆ మాటే అన్నయ్యతో అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత వదినని పిలిచి, "కొండపల్లి మీదుగా విజయవాడకి పొద్దున మొదటి బస్సు ఎన్నింటికి?" అని అడిగాడు.

మన ఇళ్ళల్లో కూడా పిల్లల మార్కులు, ఆటలు, పాటలు పక్కింటి వాళ్ళతో పోల్చేముందు ఒక్కసారి టేపు పట్టుకుని నేల కొలుద్దాం. ఏ నేల మీద, ఏ బూట్లతో, ఎవరు రానిస్తే పరుగెత్తిందో అడుగుదాం. ఆ తరువాతే గడియారం చూద్దాం.

సెలవు.